లెఫ్ట్ జాయిన్ పెడితే 40 గంటలు 120 ఎలా అయ్యాయి?

షీట్ల_మనిషి అడిగారు:

నమస్కారం అండీ. తొమ్మిదేళ్లుగా హెచ్‌ఆర్‌లో ఎక్సెల్‌తోనే నెట్టుకొచ్చాను. వీలుకప్, పివట్ టేబుల్ కళ్లు మూసుకుని చేస్తాను. ఇప్పుడు రిపోర్టులన్నీ డేటాబేస్ నుంచే తీయాలన్నారు కాబట్టి మూడు వారాలుగా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) నేర్చుకుంటున్నాను. సెలెక్ట్, వేర్, గ్రూప్ బై వరకూ బాగానే నడిచింది. టేబుళ్లని కలిపే జాయిన్ దగ్గర బండి ఆగిపోయింది.

నా దగ్గర మూడు టేబుళ్లున్నాయి. ఉద్యోగులు (62 వరసలు). పనిగంటలు, ఇందులో రోజుకొక వరస, అంటే ఒక్కొక్కరికి వారానికి ఐదు. సెలవులు, ఇందులో ఒక్కో దరఖాస్తుకి ఒక వరస, ఎన్ని రోజులో ఒక కాలమ్‌లో ఉంటుంది. నాకు కావలసింది చాలా చిన్న రిపోర్టు: పేరు, 23వ వారంలో పనిచేసిన గంటలు, ఈ ఏడాది వాడుకున్న సెలవు రోజులు.

ఉద్యోగులకి మిగతా రెండు టేబుళ్లనూ జాయిన్ చేసి, గంటలకి సమ్, సెలవు రోజులకి సమ్ పెట్టి, పేరు మీద గ్రూప్ బై చేశాను. పైపైన చూస్తే బాగానే ఉంది. నాలుగైదు పేర్లు చేత్తో లెక్కేసి సరిచూసుకుని పంపించేశాను కూడా. అరగంటలో మా మేనేజర్ ఫోన్: "ఈవిడ వారంలో 120 గంటలు పనిచేసిందా? నిద్రపోలేదా?"

ఆవిడ పేరు లత అనుకుందాం. అసలు పనిచేసింది రోజుకి 8 చొప్పున 40 గంటలు. ఈ ఏడాది మూడు సార్లు సెలవు పెట్టింది: ఒక రోజు, ఒక రోజు, రెండు రోజులు. మొత్తం 4. నా రిపోర్టులో గంటలు 120, సెలవులు 20 అని వచ్చాయి. నేను సరిచూసిన నాలుగైదు పేర్లలో మాత్రం గంటలూ సెలవులూ రెండూ సరిగ్గానే ఉన్నాయి, నాకు అదే అర్థం కావడం లేదు. తప్పైతే అందరికీ తప్పు రావాలి కదా?

ఇంకొకటి. 62 మంది ఉండాల్సిన చోట 47 మందే వచ్చారు. ఇన్నర్ జాయిన్ (రెండు టేబుళ్లలోనూ ఉన్నవాళ్లనే ఉంచేది) తీసేసి లెఫ్ట్ జాయిన్ (ఎడమ టేబుల్‌లోని అందరినీ ఉంచేది) పెట్టమని ఎవరో చెబితే పెట్టాను. అయినా 47 మందే. కింద వేర్‌లో వారం, ఏడాది షరతులు కాక సెలవు స్థితి 'మంజూరు' అని ఒక షరతు ఉంది, అంతకుమించి ఇంకేమీ లేదు.

తొందర_కోడ్:

డిస్టింక్ట్ పెట్టండి, డూప్లికేట్లు పోతాయి.

షీట్ల_మనిషి:

పెట్టాను అండీ. సెలెక్ట్ పక్కన పెడితే ఏమీ మారలేదు. సమ్ లోపల పెడితే లతకి గంటలు 8, సెలవులు 3 వచ్చాయి. ఇప్పుడు పాపం ఆవిడ వారంలో ఒక్కరోజే పనిచేసినట్టుంది.

పాత_డీబీఏ:

ఆ 8, 3 ఎలా వచ్చాయో ముందు చూడండి. ఐదు రోజులూ 8 గంటలే కాబట్టి "వేరువేరు విలువలు మాత్రమే కలుపు" అంటే ఒక్క 8 మిగిలింది. సెలవుల్లో 1, 1, 2 ఉంటే రెండు 1లలో ఒకటి ఎగిరిపోయి 1 + 2 = 3 అయింది. సమ్ లోపల డిస్టింక్ట్ వరసల్ని చూడదు, విలువల్ని చూస్తుంది. రిపోర్టు లెక్క తేడా వచ్చిన ప్రతిసారీ డిస్టింక్ట్ వైపు చెయ్యి వెళ్లడం నాకూ ఒకప్పుడు అలవాటే, చాలా కష్టపడి మానుకున్నాను.

ఇక అసలు సంగతి. మీరు వీలుకప్‌లో ఆరితేరినవారు, అదే ఇక్కడ మీకు అడ్డం వస్తోంది. వీలుకప్ మొదట దొరికినది తెచ్చి మీ వరస పక్కన పెడుతుంది, అంతటితో ఆగుతుంది. అవతలి షీట్‌లో అదే ఐడీ పదిసార్లు ఉన్నా మీ షీట్‌లో ఒక్క వరస కూడా పెరగదు. దాంతో జాయిన్ అన్నా "పక్క టేబుల్ నుంచి ఒక కాలమ్ తెచ్చుకోవడం" అనే బొమ్మ మనసులో పడిపోతుంది. జాయిన్ కాలమ్ తేదు, కొత్త వరసలు పుట్టిస్తుంది. షరతుకి సరిపోయిన ప్రతి జతకీ ఒక వరస.

లత వరసలు సమ్ చేయకముందు ఎలా ఉంటాయో చూడండి:

సోమవారం, 8 గంటలు, మొదటి సెలవు, 1 రోజు
సోమవారం, 8 గంటలు, రెండో సెలవు, 1 రోజు
సోమవారం, 8 గంటలు, మూడో సెలవు, 2 రోజులు
మంగళవారం, 8 గంటలు, మొదటి సెలవు, 1 రోజు
మంగళవారం, 8 గంటలు, రెండో సెలవు, 1 రోజు

ఇలా శుక్రవారం దాకా. ఐదు రోజులు ఇంటూ మూడు సెలవులు, 15 వరసలు. 15 ఎనిమిదులు 120. సెలవులు నాలుగు రోజులు ఐదేసి సార్లు, 20. సోమవారానికీ ఆ సెలవులకీ ఏ సంబంధమూ లేదు, రెండూ లతవి కావడం తప్ప. మీరు ఐడీ కలిస్తే చాలన్నారు, అది కలిపింది.

మీరు సరిచూసిన పేర్లు ఎందుకు బాగున్నాయంటారా, గంటలు తప్పకపోవడానికి వాళ్లు ఒక్కసారే సెలవు పెట్టి ఉండాలి. ఐదు ఇంటూ ఒకటి ఐదే. కానీ వాళ్ల సెలవు రోజులు కూడా సరిగ్గా ఉన్నాయా? ఒక రోజు సెలవు ఐదు వరసల్లోనూ కనబడి 5 అయి ఉండాలే. ఇంకోసారి చూడండి.

పరిష్కారం: కలపకముందే కూడండి. ఒక్కో టేబుల్‌ని ముందు ఉద్యోగికి ఒక్క వరసగా కుదించి, ఆ తరవాత జాయిన్ చేయండి. కీవర్డులు తెలుగు లిపిలో రాస్తున్నాను, మీరు మార్చుకోండి:

విత్ పని యాజ్ (
  సెలెక్ట్ ఉద్యోగి_ఐడీ, సమ్(గంటలు) యాజ్ మొత్తం_గంటలు
  ఫ్రమ్ పనిగంటలు
  వేర్ వారం = 23
  గ్రూప్ బై ఉద్యోగి_ఐడీ
),
లీవు యాజ్ (
  సెలెక్ట్ ఉద్యోగి_ఐడీ, సమ్(రోజులు) యాజ్ మొత్తం_రోజులు
  ఫ్రమ్ సెలవులు
  వేర్ స్థితి = 'మంజూరు'
  గ్రూప్ బై ఉద్యోగి_ఐడీ
)
సెలెక్ట్ ఉ.పేరు,
  కోయలెస్(పని.మొత్తం_గంటలు, 0),
  కోయలెస్(లీవు.మొత్తం_రోజులు, 0)
ఫ్రమ్ ఉద్యోగులు ఉ
లెఫ్ట్ జాయిన్ పని ఆన్ పని.ఉద్యోగి_ఐడీ = ఉ.ఐడీ
లెఫ్ట్ జాయిన్ లీవు ఆన్ లీవు.ఉద్యోగి_ఐడీ = ఉ.ఐడీ

కోయలెస్ అంటే ఖాళీ వస్తే దాని బదులు 0 చూపించమని. ఏడాది షరతు నేను రాయలేదు, అది కూడా లీవు బ్రాకెట్ లోపలే పెట్టండి. మీది మైఎస్‌క్యూఎల్ 8.0 కంటే పాతదైతే విత్ పనిచేయదు, ఆ రెండు ముక్కల్నీ ఫ్రమ్ లోపల సబ్‌క్వెరీలుగా (క్వెరీ లోపల క్వెరీగా) రాయాలి.

ఇక 47 మంది గొడవ. లెఫ్ట్ జాయిన్ తన పని తాను చేసింది. సెలవే పెట్టని 15 మందికి సెలవు కాలమ్‌లన్నీ నల్‌గా (అంటే విలువే లేని ఖాళీగా) నింపి 62 మందినీ నిలబెట్టింది. ఆ తరవాత మీ వేర్ వచ్చింది. స్థితి 'మంజూరు'తో సమానమా అని ఒక్కో వరసనీ అడిగింది. నల్ దేనితోనూ సమానం కాదు, కాదని కూడా చెప్పదు, "తెలియదు" అంటుంది. వేర్ "అవును" అన్నవాళ్లనే లోపలికి రానిస్తుంది. 15 మందీ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఎదురుగా లెఫ్ట్ జాయిన్ అని రాసి ఉంటుంది, లోపల జరిగేది ఇన్నర్ జాయిన్. కుడివైపు టేబుల్ మీద పెట్టే షరతు ఆన్‌లోకి వెళ్లాలి, లేదా పైన చూపినట్టు ముందుగానే సబ్‌క్వెరీలో పడాలి.

చివరగా ఒక మాట, ఇది నా సొంత గోల. ఇంటర్నెట్ అంతా జాయిన్‌లకి రెండు గుండ్రాలు గీసి మధ్యలో రంగు వేస్తారు. ఎవరు మిగులుతారు, ఎవరు పోతారు అన్నది ఆ బొమ్మలో కనబడుతుంది. ఒకరు ముగ్గురవుతారన్నది మాత్రం ఎంత వెతికినా కనబడదు. మీ 120 గంటల తప్పు రెండోదే. కాగితం మీద రెండు చిన్న టేబుళ్లు రాసుకుని గీతలు కలపండి, ఎన్ని గీతలైతే అన్ని వరసలు.

షీట్ల_మనిషి:

మీరన్నట్టే ఇంకోసారి చూశాను. నేను సరిచూసిన ఐదుగురికీ సెలవులు ఐదింతలున్నాయి! నేను గంటలు మాత్రమే చూసి ఊరుకున్నానన్నమాట. పైన "రెండూ సరిగ్గానే ఉన్నాయి" అని ధైర్యంగా రాశాను కూడా, క్షమించండి.

రెండు సందేహాలు. నాకంటే ముందు ఇక్కడ పనిచేసినవాళ్లు వదిలివెళ్లిన క్వెరీల్లో జాయిన్ అన్న మాటే లేదు. ఫ్రమ్ తరవాత టేబుళ్ల పేర్లు కామాలతో ఉన్నాయి. అది వేరే రకమా? రైట్ జాయిన్ ఎప్పుడు వాడాలి?

పాత_డీబీఏ:

కామాలది పాత పద్ధతి. జాయిన్, ఆన్ అని విడిగా రాసే తీరు ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోకి 1992లో వచ్చింది. అంతకుముందు టేబుళ్లని కామాలతో పేర్చి, కలిపే షరతులన్నీ వేర్‌లో పడేసేవాళ్లం. ఇప్పటికీ పనిచేస్తుంది, ఫలితం ఇన్నర్ జాయిన్‌దే. చిక్కేమిటంటే వేర్‌లో పది షరతుల మధ్య కలిపే షరతు ఒకటి జారిపోయినా ఎవరూ ఎర్రర్ ఇవ్వరు. మీ 62 మందినీ ఆ వారం 310 వరసలతో షరతు లేకుండా కలిపితే 19,220 వరసలు చడీచప్పుడూ లేకుండా వచ్చి పడతాయి.

రైట్ జాయిన్: టేబుళ్ల వరుస తిప్పి రాసుకుంటే లెఫ్టే అవుతుంది. ఎస్‌క్యూఎలైట్ అనే డేటాబేస్‌లో అయితే 2022లో 3.39 వచ్చేదాకా రైట్ జాయిన్ లేనే లేదు, ఎవరి పనీ ఆగలేదు.

ఇంకొకటి చెప్పడం మరిచాను. ఒక్కో జాయిన్ జోడించినప్పుడల్లా కౌంట్(*) కొట్టి చూడండి. ఉద్యోగులు 62. పని జోడించాక 62. లీవు జోడించాక 62. ఎక్కడ అంకె మారిందో అక్కడ ఆగి కారణం తెలుసుకున్నాకే ముందుకి. రెండు నిమిషాల పని, మేనేజర్ ఫోన్ తప్పుతుంది.

నల్_భీముడు:

పెద్దాయన అంతా చెప్పేశారు, నేను పక్కన ఒక గుంట చూపించి పోతాను. మీ ఆఫీసువాళ్లు రేపు మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు: "ఈ ఏడాది ఒక్క సెలవూ పెట్టనివాళ్ల జాబితా ఇవ్వండి" అని. మీరు సెలవుల్లోని ఐడీల జాబితా తీసి, అందులో లేనివాళ్లు అని నాట్ ఇన్ రాస్తారు. సెలవుల టేబుల్‌లో ఎక్కడో ఒక్క వరసలో ఉద్యోగి_ఐడీ నల్‌గా ఉందనుకోండి, మీకు ఒక్క పేరు కూడా రాదు. ఖాళీ.

ఎందుకంటే 17వ నంబరు ఆ జాబితాలో లేదని చెప్పాలంటే జాబితాలోని ప్రతి ఐడీతోనూ కాదని తేలాలి. ఆ నల్ దగ్గరికొచ్చేసరికి "ఇది 17 అయినా కావచ్చు, ఎవరికి తెలుసు" అంటుంది. జాబితాలో ఉన్నవాళ్లు ఎలాగూ పోతారు, ఆ ఒక్క "తెలియదు"తో లేనివాళ్లదీ తేలకుండా పోతుంది. నాట్ ఎగ్జిస్ట్స్ (ఆ ఐడీతో ఒక్క వరసైనా లేనివాళ్లు) వాడండి. లేదంటే లెఫ్ట్ జాయిన్ చేసి, వేర్‌లో లీవు.ఉద్యోగి_ఐడీ ఈజ్ నల్ అని పెట్టండి. వేర్‌లో కుడి టేబుల్ షరతు పనికొచ్చే చోటు అదే.

షీట్ల_మనిషి:

ముందు శుభవార్త. 62 వరసలు వచ్చాయి. లతకి 40 గంటలు, 4 సెలవులు. ప్రతి జాయిన్ తరవాతా కౌంట్ కొట్టాను, మూడు సార్లూ 62. సవరించిన రిపోర్టు పంపించేశాను.

నల్_భీముడు గారు, మీ నోటి మాట ఏమిటో కానీ రేపటిదాకా ఆగలేదు, సాయంత్రమే అడిగారు. సరదాకి ముందు నాట్ ఇన్ రాసి చూశాను. ఖాళీ! నాట్ ఎగ్జిస్ట్స్ పెడితే 15 మంది వచ్చారు. అంటే నల్ ఐడీ ఎక్కడో ఉందన్నమాట, వెతికితే మార్చి నెలలో ఒక వరస దొరికింది. రెండు రోజుల సెలవు, మంజూరు అయింది, ఉద్యోగి_ఐడీ ఖాళీ.

ఎవరిదో అనుకుంటూ ఆ 15 మంది జాబితా కింది దాకా చదివితే పదమూడో పేరు నాదే. మార్చిలో రెండు రోజులు సెలవు పెట్టిన సంగతి నాకు బాగా గుర్తుంది. ఆ ఎంట్రీ చేసింది కూడా నేనే.