మొదటిసారి విదేశంలో క్రిస్మస్: స్టార్, పార్సిల్, 24 రాత్రి కాల్ సంగతి ఎలా?

ప్రశ్న:
ఈ డిసెంబర్‌కి ఇంట్లోవాళ్లంతా అక్కడ, నేనిక్కడ. ఇంటి నుంచి తెచ్చిన స్టార్, సీరియల్ లైట్లు ఇక్కడి కరెంటుకు పెట్టొచ్చా? వాళ్లకి పార్సిల్ ఎప్పుడు పంపాలి? 24 రాత్రి అందరం కలిసి పాడాలని ఉంది గానీ, వీడియో కాల్‌లో పాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1:
అడాప్టర్ మీద అచ్చేసి ఉన్నది చదవండి. ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) అని ఉంటే ఏ దేశంలోనైనా వెలుగుతాయి, పిన్నుల ఆకారం మార్చే ప్లగ్ ఒక్కటి చాలు. ఆ ప్లగ్ వోల్టేజీని మార్చదండీ, ఎక్కువమంది పొరబడేది అక్కడే. అడాప్టర్ లేకుండా నేరుగా గోడకు పెట్టే సెట్ అయితే, 120 వోల్టులకు చేసినదాన్ని 230కి పెట్టగానే మాడిపోతుంది. 230 సెట్‌ను 120కి పెడితే మసకగా వెలుగుతుంది, లేదా అసలు వెలగదు.

కాగితం స్టార్‌కి హోల్డర్, వైరు, బల్బు మీరున్న చోటే కొనండి. 5 వాట్ల ఎల్ఈడీ మించొద్దు, వేడికి కాగితం కమిలిపోతుంది. ఇవన్నీ తలనొప్పి అనుకుంటే యూఎస్‌బీ లైట్లు మేలు. 5 వోల్టులు ఎక్కడైనా 5 వోల్టులే.

లైట్లను వేళకు వెలిగించి ఆర్పే తిప్పుడు టైమర్ మాత్రం తెచ్చుకోవద్దు. 60 హెర్ట్జ్‌కి చేసిన మోటారు 50 హెర్ట్జ్ కరెంటు మీద రోజుకి 4 గంటలు వెనకబడుతుంది. సాయంత్రం వెలగాల్సిన స్టార్ మర్నాడు అర్ధరాత్రికి వెలుగుతుంది.

జవాబు 2:
పార్సిల్ తేదీని 25 నుంచి వెనక్కి లెక్కపెట్టండి. పోస్టాఫీసులు ప్రకటించే 'ఆఖరి తేదీ' కస్టమ్స్‌లో ఆగకపోతేనే పనికొస్తుంది. దానికంటే కనీసం పది రోజుల ముందే పంపేయండి.

ఫారంలో 'గిఫ్ట్' అని ఒక్క మాట రాసి వదిలేయకండి. 'నూలు చొక్కా 1, పిల్లల పుస్తకాలు 2' అని వస్తువు, సంఖ్య, బరువు, విలువ విడివిడిగా రాయాలి. విలువ సున్నా అని వేస్తే విప్పి చూసే అవకాశం ఎక్కువ. అత్తరు, స్ప్రే మంచు డబ్బాలు, పవర్ బ్యాంకులు పెట్టొద్దు, విమానంలో వెళ్లేవాటిలో వీటిని ఆపేస్తారు.

పశువుల పాక బొమ్మలు పంపుతుంటే గడ్డి తీసేసి కాగితపు పీచు పెట్టండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో గడ్డి, పైన్ కాయలు, బెరడు ఉన్న కర్ర మీద తనిఖీ చాలా గట్టిగా ఉంటుంది.

జవాబు 3:
ఎవరూ అడగలేదు గానీ, మీరున్న దేశంలో 25 సెలవో కాదో ముందు చూసుకోండి. జపాన్‌లో అది మామూలు పనిదినం. రష్యా, సెర్బియాల్లో ఆర్థడాక్స్ చర్చిలు జనవరి 7న చేస్తాయి, ఎందుకంటే వాళ్ల జూలియన్ క్యాలెండర్ 13 రోజులు వెనక నడుస్తుంది. లండన్‌లోనైతే 25న ట్యూబ్ రైళ్లూ సిటీ బస్సులూ ఉండవు, నడిచి వెళ్లగలిగే చర్చి చూసుకోండి. చర్చి వెబ్‌సైట్లో మామూలు ఆదివారం వేళలే ఉండిపోవచ్చు, ఫోన్ చేసి అడగడం మంచిది.

జవాబు 4:
కాల్ వేళ లెక్కేసేటప్పుడు వేసవి గడియారం (కొన్ని దేశాల్లో వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరపడం) గుర్తుపెట్టుకోండి. డిసెంబర్‌లో ఉత్తరార్ధగోళంలో అది అయిపోయి ఉంటుంది, దక్షిణాన కొన్నిచోట్ల నడుస్తూ ఉంటుంది. కాబట్టి జూలైలో కట్టిన లెక్క ఇప్పుడు తప్పొచ్చు. ఇల్లు యూటీసీకి (ప్రపంచమంతా లెక్కకు వాడే ప్రామాణిక సమయానికి) 5:30 గంటలు ముందు, మీరు 5 గంటలు వెనక అనుకోండి. వాళ్లకి అర్ధరాత్రి అయ్యేసరికి మీకు 24 మధ్యాహ్నం 1:30.

పాట ముక్కలవడానికి నెట్ ఒక్కటే కారణం కాదు. కాలింగ్ యాప్‌లు మాటను ఉంచి, మిగతాదాన్ని రొద అనుకుని కోసేస్తాయి, వాయిద్యాలు ముందు పోతాయి. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' ఆన్ చేయించండి, పాడేవాళ్లవైపు. స్పీకర్ బదులు ఇయర్‌ఫోన్లు పెట్టుకోమనండి, లేకపోతే మీ గొంతు వాళ్ల మైకులోకి తిరిగొస్తుంది.

రెండువైపులా ఒకేసారి పాడటం మాత్రం ఏ సెట్టింగుతోనూ కుదరదు. ఖండాలు దాటేసరికి శబ్దం సెకనులో పదోవంతుకు పైగానే ఆలస్యమవుతుంది, ఒకరికొకరు ఆగుతూ పాట నెమ్మదించిపోతుంది. ఒక చరణం వాళ్లు పాడుతుంటే మీరు మైకు ఆపి వాళ్లతో గొంతు కలపండి, తర్వాతి చరణానికి వాళ్లు ఆపుకోవాలి. ఎవరు మొదలుపెట్టాలో, ఏ శ్రుతిలోనో ముందురోజే అనుకుని, ఒకసారి ప్రయత్నించి చూడండి.