జనవరిలో కుసాత్సు వెళ్తున్నాం, స్విమ్‌సూట్ వేసుకోవచ్చా?

పోయిన నెలే టోక్యో వచ్చాం. ఆయనా నేనూ జనవరిలో ఒక రాత్రి, వేడినీటి ఊటలున్న కొండ ఊరు కుసాత్సులో ఉందామనుకుంటున్నాం. వేడినీళ్ల స్నానానికి స్విమ్‌సూట్ వేసుకోనిస్తారా? ఇద్దరం శాకాహారులం.

—

స్విమ్‌సూట్ కుదరదు చెల్లీ. ఒంటిమీద నూలుపోగు ఉండకూడదు. ఆడవాళ్లకీ మగవాళ్లకీ స్నానపు గదులు వేరు, ఎవరూ ఎవరివంకా చూడరు. మొదటి అయిదు నిమిషాలే సిగ్గు. కొన్ని బసల్లో రాత్రి ఆడవాళ్లదిగా ఉన్న గది పొద్దున్నకి మగవాళ్లది అయిపోతుంది, గుమ్మం మీది తెర చూసుకుని వెళ్లండి. ముందు పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా స్నానం చేశాకే తొట్టిలో దిగాలి. జుట్టు ముడేసుకోండి, తువ్వాలు నీళ్లలో ముంచొద్దు.

అసలు సంగతి మెట్టెలు. అక్కడి నీళ్లు ఇంచుమించు నిమ్మరసమంత పులుపు, పైగా గంధకం. నేను మెట్టెలతోనే దిగాను. బొగ్గు రంగుకి తిరిగాయి, విభూతితో ఎంత తోమినా పూర్తిగా పోలేదు. పట్టీలు, మెట్టెలు గదిలోనే తీసిపెట్టండి. ముందురోజు వాక్సింగ్ కూడా వద్దు, మంట పుడుతుంది.

ఊట 50 డిగ్రీల పైనే వస్తుంది. చన్నీళ్లు కలిపితే గుణం పలచబడుతుందని, ఊరి నడుమ యుబతకే అనే ఊట దగ్గర చెక్క కాలవల గుండా పారించి చల్లారుస్తారు. పూర్వం పొడవాటి చెక్క పలకలతో తిరగేసేవాళ్లు, ఇప్పుడు దాన్ని పాటతో ప్రదర్శనగా చూపిస్తున్నారు. అయినా షిరహత స్నానశాలలో నీళ్లు సలసల కాగినట్టే ఉంటాయి. రెండు మూడు నిమిషాలు చాలు. కళ్లు తిరిగితే వెంటనే బయటికి వచ్చేయండి.

తిండి దగ్గరే ఇబ్బంది. 'చేప వద్దు' అంటే ముక్క తీసేస్తారు, చేప మరిగించిన 'దాషి' అనే రసం మాత్రం సూప్‌లోనూ కూరలోనూ అలాగే ఉంటుంది. అందుకే భోజనం లేని 'సుదొమారి' గది తీసుకోండి. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లండి. ఆ చలికి రాత్రంతా పులిహోర చెక్కుచెదరదు.

బసలో ఇచ్చే నూలు అంగీ, యుకతా కట్టేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి. కుడి పైకి కడితే శవానికి కట్టినట్టు.

— టోక్యో నిషి కసాయ్ నుంచి ఓ అక్క

—

ఒక్క మాట. కుసాత్సుకి రైల్వే స్టేషన్ లేదు. టోక్యోలోని ఉఎనో స్టేషన్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కి నగనోహర-కుసాత్సుగుచిలో దిగితే, అక్కడినుంచి బస్సు అరగంట లోపే. ఊరు 1,200 మీటర్ల ఎత్తులో ఉంది, దారులు గడ్డకట్టి జారతాయి. పట్టున్న బూట్లు కొనుక్కోండి. మీ ఆయనకి పచ్చబొట్టు ఉంటే బుక్ చేసేముందే అడగండి, కొన్నిచోట్ల రానివ్వరు.

—

అక్కా, మెట్టెలు తీయొద్దని అత్తగారు ఫోన్‌లో గట్టిగా చెప్పారు!

—

అయితే తీసేటప్పుడు వీడియో కాల్ ఆన్‌లో పెట్టకండి.