ఒంటరిగా తెడ్డు వేస్తూ మహాసముద్రం దాటేవారికి రోజు ఎలా గడుస్తుంది?

ప్రశ్న (అడయారు, చెన్నై)

కానరీ దీవుల్లోని లా గొమేరా నుంచి కరీబియన్‌లోని ఆంటిగ్వా దాకా, దాదాపు 4800 కిలోమీటర్లు, ఒంటరిగా తెడ్డు వేసుకుంటూ 52 రోజుల్లో అట్లాంటిక్‌ను దాటిన అనన్య ప్రసాద్ గారి గురించి, ఆమెకు బెంగళూరులో మూలాలు ఉండటం వల్ల కాబోలు, 2025 ఆరంభంలో ఇక్కడి పత్రికలు చాలానే రాశాయి. ధైర్యం గురించి, దూరం గురించి అన్నీ చదివాను గాని, నాకు తెలుసుకోవాలని ఉన్న సంగతులు వాటిలో కనిపించలేదు. ఒక్కరే ఉన్నప్పుడు నిద్ర ఎప్పుడు పోతారు, ఆ సమయంలో పడవను ఎవరు చూస్తారు? మంచినీళ్లు ఎక్కడివి? వంట, స్నానం, కాలకృత్యాలు ఎలా జరుగుతాయి? నాకు వెళ్లే ఉద్దేశం ఏమీ లేదు. ఉదయం నడకకు వెళ్లినప్పుడు అడయారు నదిలో బోట్ క్లబ్ వారి పడవలను చూస్తూ ఉంటాను, అంతే.

జవాబు 1 (సరుకు ఓడలో అధికారి, రాయపురం)

నిద్ర సంగతి నేను చెప్పగలను, ఎందుకంటే అటువంటి పడవలు భయపడవలసింది మా ఓడలకే. ఆ పడవ పొడవు సుమారు ఏడు మీటర్లు, అంటే రెండు ఆటోలను వరుసగా నిలబెట్టినదాని కన్నా కాస్త ఎక్కువ. నీటికి అంత దగ్గరగా ఉన్న వస్తువు అలల మధ్య మా రాడార్‌లో సరిగ్గా కనిపించకపోవచ్చు. అందుకే వారు తమ స్థానాన్ని ప్రసారం చేసే ఏఐఎస్ పరికరాన్ని రాత్రంతా వేసి ఉంచుతారు. ఏదైనా ఓడ దగ్గరకు వస్తే అది అలారం మోగిస్తుంది, వెంటనే లేచి వీహెచ్‌ఎఫ్ రేడియోలో పిలుస్తారు. అలారం మోగనంత మాత్రాన నిశ్చింతగా ఉండటానికి లేదు, ఏఐఎస్ లేని చేపల పడవలూ ఉంటాయి కదా.

ఇక పడవను ఎవరు చూస్తారంటే, ఎవరూ చూడరు. జట్టుగా వెళ్లేవారు రెండు గంటలకొకసారి వంతులు మార్చుకుంటూ పగలూ రాత్రీ తెడ్డు వేయగలరు. ఒంటరివారు మాత్రం రోజుకు పది పన్నెండు గంటలు వేసి, మిగిలిన సమయంలో పడవను గాలికి వదిలి, ముక్కలు ముక్కలుగా నిద్రపోతారు. ఆ దారిలో తూర్పు నుంచి వీచే వ్యాపార పవనాలు నిద్రలో కూడా పడవను పడమటికి నెడతాయి కాబట్టే అది ఇంత ప్రసిద్ధమైన దారి అయింది. ఎదురుగాలి వస్తే తాడు చివర పారాచూట్ వంటి లంగరును నీటిలోకి విడుస్తారు. అది పడవను పూర్తిగా ఆపదు. వెనక్కి కొట్టుకుపోయే వేగాన్ని తగ్గించి, పడవ ముక్కును అలలకు ఎదురుగా నిలబెడుతుంది. అప్పుడు చేయగలిగింది క్యాబిన్‌లో పడుకోవడమే. తలుపు బిగించి ఉంటే ఆ క్యాబిన్‌లోని గాలి వల్లే పడవ బోల్తా పడినా తిరిగి నిటారుగా లేస్తుంది, కాబట్టి ఉక్కపోత ఎంత ఉన్నా గడ్డుసముద్రంలో తలుపు తెరవకూడదు.

మరో చిన్న విశేషం. లా గొమేరాకూ ఆంటిగ్వాకూ మధ్య రేఖాంశంలో 45 డిగ్రీల తేడా ఉంది, అంటే కాలంలో మూడు గంటలు. గడియారాన్ని మార్చకుండా ఉంచేవారికి ప్రయాణం చివరికి తెల్లవారడం మూడు గంటలు ఆలస్యమవుతుంది.

జవాబు 2 (జయనగర్, బెంగళూరు)

బ్రిటన్‌లో ఉండే మా మేనకోడలు ఇదే దారిలో వెళ్లింది. ఒంటరిగా కాదు, జట్టుతో. అయినా పడవలో ఇంటిపని ఒకటే, ఒంటరివారికి దాన్ని పంచుకునే మనిషి ఉండరు, అంతే తేడా. మంచినీళ్ల కోసం సముద్రపు నీటిని పొర గుండా ఒత్తిడితో పంపి ఉప్పును తీసే యంత్రం ఉంటుంది. అది సౌర ఫలకాలు నింపే బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి ఎండ బాగా ఉన్నప్పుడే రోజుకు సరిపడా నీళ్లు పట్టుకుంటారు, వరుసగా మబ్బు పడితే ముందు దీపాలు, ఫోన్ ఛార్జింగ్ మానుకుంటారు. యంత్రమే పాడైతే చేతిపంపు ఉంటుంది, కాని దానితో తాగడానికి చాలినన్ని నీళ్లు తీయడమే ఒక పూట పని.

వంట అనదగినది ఏమీ లేదు. ఆరబెట్టిన భోజనం పొట్లాలలో వేడినీళ్లు పోసుకుని తింటారు. రోజుకు ఐదు వేల కెలోరీల పైన అవసరమవుతుంది, అంత తినడం సముద్రపు కుదుపులో సాధ్యం కాదు గనుక చాలామంది బాగా చిక్కిపోయి తిరిగి వస్తారు. మా మేనకోడలు కందిపొడి తీసుకెళ్లింది. వారాల తరబడి ఒకే రుచి తినేవారికి అదెంత ఊరటో ఊహించుకోండి.

స్నానం గురించి మీరు అడిగింది మంచి ప్రశ్న, నా దృష్టిలో అసలు కష్టం అక్కడే ఉంది. ఉప్పునీరు ఆరిన చోట స్ఫటికాలు మిగులుతాయి. వాటి మీద గంటల తరబడి కూర్చుని ముందుకూ వెనక్కూ జరుగుతుంటే చర్మం ఒరుసుకుని పుండ్లు పడతాయి, అవి మానే వీలు కూడా ఉండదు. అందుకే తాగే నీళ్లలో కొంచెం మిగిల్చి ప్రతి సాయంత్రం ఒళ్లు తుడుచుకోవడం వారికి శుభ్రత కన్నా వైద్యం. బట్టల కుట్లు గీరుకుంటాయని అవి లేకుండానే తెడ్డు వేసేవారు చాలామంది. కాలకృత్యాలకు బకెట్టే గతి.

పడవ అడుగు వైపు బార్నకిల్స్ అనే గుల్లజీవులు అంటుకుని వేగాన్ని తగ్గిస్తాయి. ఆగి, నడుముకు తాడు కట్టుకుని, నీటిలోకి దిగి గీకాలి. ఒంటరిగా ఉన్నవారు ఆ తాడును ఒకటికి రెండుసార్లు చూసుకోకుండా దిగరు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మన చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా, సుమారు 1370 కిలోమీటర్లే కదా, ఇలా వెళ్లడం తేలికా?

జవాబు 1 (రాయపురం)

దూరం తక్కువైనా తేలిక కాదండి. జనవరి నుంచి మార్చి వరకు సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది గాని, గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, మీరు నిద్రపోతే వెనక్కి తెస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో గాలి అనుకూలమే, అయితే ఆ నెలల్లో అలలు పెద్దవి. ఏప్రిల్, మే నెలల్లోనూ, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ తుఫానుల భయం. అట్లాంటిక్‌లో తుఫానుల కాలం నవంబరుతో ముగిసి, డిసెంబరులో అనుకూలమైన గాలి కుదురుకుంటుంది. దాన్ని దాటేవారు ఆ నెలలో బయలుదేరేది అందుకే.