రేలంగి పాటల అభిమాన బృందం పెట్టాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న – పాతపాటల పిచ్చి (భీమవరం)

రేలంగి వెంకట్రామయ్య గారి పాటలంటే చెవి కోసుకునేవాళ్లం మా ఊళ్లో పది పన్నెండు మందిమి ఉన్నాం. నెలకోసారి కలిసి, ఆయన సొంత గొంతుతో పాడిన హాస్యగీతాలు వినాలని, పాడుకోవాలని ఉంది. వాట్సాప్ గ్రూపు పెడితే శుభోదయాలతో నిండిపోతోంది. సంఘం రిజిస్టర్ చేయించాలా? పాటలు వేస్తే కాపీరైట్ గొడవ ఉంటుందా? సౌండ్ సామాను ఏం కావాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

గట్టుమీద గోపి

పిచ్చి గారూ, ముందు ఒక్కటి. సభ పెట్టకండి. వేదిక మీద 9 కుర్చీలు వేసి తలా 10 నిమిషాలు మైకిస్తే గంటన్నర అక్కడే చెల్లు. ఆ తర్వాత శాలువాలు. పాడదామని వచ్చినవాడు చేతిలో కాగితం మడుచుకుని ఇంటికి పోతాడు, వచ్చే నెల రాడు. కుర్చీలు గుండ్రంగా వెయ్యండి. అధ్యక్షుడు అక్కర్లేదు, టైము చూసేవాడు ఒకడుంటే చాలు.

ఆదివారం సాయంత్రం 5 నుంచి 6:30 బాగుంటుంది. మొదటి 10 నిమిషాలు ఒక అసలు రికార్డు వినండి. తర్వాత 8 పాటలు, మాటలతో కలిపి ఒక్కోటి 6 నిమిషాలు. మిగిలిన టైము కబుర్లకీ టీకీ. ఎవరేం పాడతారో వారం ముందే రాసి గ్రూపులో పెట్టాలి. లేకపోతే అందరూ ‘మిస్సమ్మ’ పాటే తెస్తారు.

పాటల కొరత కూడా చూసుకోండి. ఆయన స్వయంగా పాడినవి తక్కువ, మూడో నెలకే వట్టిపోతాయి. మొదటినుంచే గిరి గీసుకోకుండా, హాస్యగీతాలకు పెట్టింది పేరైన పిఠాపురం నాగేశ్వరరావు, మాధవపెద్ది సత్యం పాటల్ని కలుపుకోండి. మధ్యలో ఒక నెల పద్మనాభానికి ఇవ్వండి. కుర్రాళ్లు కూడా రావాలంటే పేరడీకి రెండు పాటల చోటు వదలాలి. పాత వరసకి మీ ఊరి ట్రాఫిక్ మీదో, కరెంటు కోతల మీదో మాటలు కట్టుకు రమ్మనండి.

వాట్సాప్‌లో రెండు గ్రూపులు చెయ్యండి. ఒకటి ప్రకటనలకి, సెట్టింగుల్లో ‘అడ్మిన్లు మాత్రమే’ పెట్టి నెలకు నాలుగు సందేశాలు దాటకుండా. రెండోది కబుర్లకి. శుభోదయాలన్నీ దాంట్లోకి పోతాయి, పోనివ్వండి.

చోటు విషయానికొస్తే శాఖా గ్రంథాలయం, ఆదివారం బడి గది, అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాలు, ఈ వరసలో అడగండి. నోటిమాటతో సరిపెట్టకుండా తేదీ, గంటలు, ఎంతమంది వస్తారో, ఊడ్చి తాళం అప్పగించేది ఎవరో రాసి ఉత్తరం ఇవ్వండి. ఆ చివరి వాక్యం చూసే చాలామంది ఒప్పుకుంటారు.

రిజిస్ట్రేషన్ ఇప్పుడే వద్దు. బృందం పేరు మీద బ్యాంకు ఖాతా కావాల్సి వచ్చినప్పుడు చూద్దురు గాని. అప్పుడు 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి, నియమావళి రాసుకోవాలి. ఆ తర్వాత ఏటా కాగితాలు దాఖలు చేసే ఓపిక కూడా ఉండాలి.

కాగితాల కామేశం

కాపీరైట్ సంగతి నేను చెప్తాను, ఇక్కడ చాలామంది తికమక పడతారు. రికార్డింగు హక్కు వేరు, పాట హక్కు వేరు. సినిమాకీ రికార్డింగుకీ విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. ‘పాతాళ భైరవి’ (1951)కి 2011 ఆఖరుకి, ‘మిస్సమ్మ’ (1955)కి 2015 ఆఖరుకి ఆ గడువు తీరిపోయింది. కానీ సాహిత్యానికీ సంగీతానికీ రాసినవారు, కట్టినవారు పోయాక 60 ఏళ్లు. పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు, అంటే ఆయన మాటలకి 2031 ఆఖరుదాకా హక్కుంది. ‘మిస్సమ్మ’కి సంగీతం చేసిన సాలూరి రాజేశ్వరరావు గారు పోయింది 1999లో, లెక్క మీరే వేసుకోండి. పాత సినిమా కదా, అంతా ఫ్రీ అనుకుంటే పొరపాటే.

అయినా మీరు భయపడనక్కర్లేదు. కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)లో కె, ఎల్ అని రెండు క్లాజులున్నాయి. లాభాపేక్ష లేని క్లబ్బు తన కార్యక్రమంలో భాగంగా రికార్డు వినిపించుకోవచ్చు. డబ్బు తీసుకోకుండా వచ్చిన శ్రోతల ముందు ఔత్సాహిక బృందం పాడుకోవచ్చు. గుమ్మం దగ్గర టికెట్ పెట్టినా, డబ్బిచ్చి ఆర్కెస్ట్రాని పిలిచినా ఆ మినహాయింపు పట్టుకుని నిలబడలేరు. అప్పుడు పాటల హక్కుల రుసుం వసూలు చేసే సంస్థ ఐపీఆర్‌ఎస్ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. టీ ఖర్చు సభ్యులే వేసుకోండి, లెక్క వేరే పుస్తకంలో రాయండి.

ఆరుబయట మైకు పెడితే మాత్రం ముందుగా పోలీసుల దగ్గర రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 దాటితే అదీ కుదరదు.

మైకు మావయ్య

40 మంది పట్టే గదికి 12 అంగుళాల పవర్డ్ స్పీకరు (లోపలే ఆంప్లిఫయర్ ఉండేది) ఒకటి, తీగ ఉన్న డైనమిక్ మైకులు రెండు, చిన్న మిక్సరు చాలు. స్పీకరు పాడేవాళ్లకి ముందుండాలి, ముఖం శ్రోతల వైపు. వెనక పెడితే దాని మోత మళ్లీ మైకులో దూరి కుయ్యిమంటుంది. రేలంగి పాటల్లో సగం రుచి గొణుగుళ్లలో, విరుపుల్లో ఉంటుంది. అందుకని మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో ఉంచమనండి. మైకు దూరం పెట్టి వాల్యూం పెంచితే కూత తప్ప గొణుగుడు వినపడదు.

కరవోకె ట్రాకులు దొరకనప్పుడు ఫోన్లో ‘గాత్రం తీసెయ్’ అనే పాత రకం యాప్‌లు వాడకండి. అవి ఎడమ, కుడి చానళ్లలో సమానంగా ఉన్నదాన్ని కొట్టేస్తాయి. ఈ పాటలు మోనో, రెండు వైపులా ఉన్నది ఒకటే కాబట్టి పాటంతా మాయమవుతుంది. ఏఐతో గొంతు విడదీసేవి కొంత నయం, కాకపోతే నవ్వులు, దగ్గులు వాద్యంలో మిగిలిపోతాయి. హార్మోనియం, తబలా ఉంటే ఈ బాధే లేదు.

అసలు రికార్డుతో పాటు హార్మోనియం వాయిస్తే మాత్రం శ్రుతి కలవకపోవచ్చు. టేపు, ప్రింటు వేగాల తేడా వల్ల పాత పాటలు రెండు మెట్ల మధ్య పడుతుంటాయి. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెలో సన్నసర్దుబాటు తిప్పి పాట షడ్జమం పట్టుకోండి. తేడా ఎంతో చూసి, ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాట పిచ్‌ని దగ్గరి మెట్టుకి జరిపి దాచుకోండి. ఇది ఇంట్లో చేసుకు రావలసిన పని, గదిలో కూచుని కాదు.

పాతపాటల పిచ్చి

అందరికీ దణ్ణాలండీ. రెండు చిన్న సందేహాలు. పాడినవి వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టొచ్చా? మా దగ్గరున్న కేబుల్‌తో ఫోన్ని మిక్సరుకి కలిపితే పాట ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు వినపడుతోంది, ఎందుకని?

కాగితాల కామేశం

మీరు పాడింది పెట్టినా వరసని పోల్చి హక్కుదారుల నుంచి కాపీరైట్ క్లెయిం రావచ్చు. ఇందాక చెప్పిన మినహాయింపు గదిలో పాడుకోవడానికే, అప్‌లోడుకి వర్తించదు. అసలు రికార్డు వెనక మోగితే క్లెయిం రావడం ఇంకా తేలిక, ఫేస్‌బుక్ లైవ్‌లో అయితే గొంతు నొక్కేస్తుంది. కబుర్ల గ్రూపులో ఆడియో పంచుకోండి, చాలు. బృందం పేరు పక్కన ‘అభిమానులు’ అని స్పష్టంగా రాయండి, రేలంగి గారి కుటుంబం తరఫున నడుపుతున్నట్టు ఎక్కడా ధ్వనించకూడదు.

మైకు మావయ్య

బావి సంగతి కేబుల్‌దే. రెండు చివరలా మూడు భాగాల స్టీరియో పిన్ను ఉన్న తీగని మిక్సరు బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో దూర్చి ఉంటారు. ఆ ఇన్‌పుట్ ఎడమలోంచి కుడిని తీసేస్తుంది, మోనో పాటలో మిగిలేది దాదాపు సున్నా, అందుకే ఆ పీల గొంతు. ఒక చివర ఫోనుకి 3.5 మిల్లీమీటర్ల పిన్ను, రెండో చివర రెండుగా చీలి రెండు పెద్ద మోనో పిన్నులు ఉండే కేబుల్ అడగండి. రెండూ రెండు చానళ్లలో పెట్టండి. అది దొరికేలోపు ఆ పిన్నుని సగమే దూర్చి నెట్టుకొచ్చేవాళ్లున్నారు, కాలు తగిలిందంటే బుర్రుమంటుంది.