వెనోస్టా లోయలో గైడు వెంట ఒక రోజు సైకిలు యాత్ర: "సులువు" అన్న మాటను ఎంతవరకు నమ్మవచ్చు?

నిదానపు చక్రం (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే సెప్టెంబరు చివరి వారంలో నేనూ నా భార్యా ఉత్తర ఇటలీలోని దక్షిణ తిరోల్ ప్రాంతానికి వెళ్తున్నాం. అక్కడి వెనోస్టా లోయలో గైడు వెంట ఒక రోజంతా సైకిలు తొక్కే యాత్రకు పేర్లు నమోదు చేసుకోవాలని ఉంది. మా ఇద్దరికీ యాభై అయిదు దాటాయి. చిన్నప్పుడు బాగానే తొక్కినవాళ్లమే గానీ, ఈ ఇరవై ఏళ్లలో సైకిలెక్కిన సందర్భాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కరపత్రంలో "సులువైన దారి, దాదాపు అంతా పల్లమే" అని రాసి, బయలుదేరడానికి రెండు చోట్లు చూపించారు. ఒకటి రెషెన్ సరస్సు, రెండోది దానికి దిగువనున్న మాల్లెస్ ఊరు. రెండు యాత్రలూ మెరానోలోనే ముగుస్తాయి. వీటిలో మాకు ఏది తగినది? బ్యాటరీ సైకిలు తీసుకోవాలా, మామూలుది చాలా? దారి పొడవునా గుర్తు పలకలు ఉన్నప్పుడు గైడు నిజంగా అవసరమా?

కొండమలుపు:

మాల్లెస్ నుంచే మొదలుపెట్టండి. మాల్లెస్ సముద్రమట్టానికి సుమారు 1,050 మీటర్ల ఎత్తున, మెరానో సుమారు 325 మీటర్ల ఎత్తున ఉన్నాయి. మధ్య దూరం దాదాపు 60 కిలోమీటర్లు కాబట్టి, నూరు మీటర్లు సాగితే సగటున ఒక మీటరు పైచిలుకు మాత్రమే దిగుతారు. కరపత్రం చెప్పేది ఈ సగటునే, అది అబద్ధం కాదు.

అయితే ఆ వాలు దారి పొడవునా సమంగా పరచుకొని ఉండదు. పక్క కొండల నుంచి దూకే వాగులు వేల ఏళ్లుగా రాళ్లనూ మట్టినీ మోసుకొచ్చి లోయకు అడ్డంగా విసనకర్ర ఆకారంలో పెద్ద పెద్ద మేటలు వేశాయి. మాల్లెస్ దగ్గరున్న మేట ఆల్ప్స్ పర్వతాల్లోకెల్లా పెద్ద మేటల్లో ఒకటి. అడిజె నది వాటిని తప్పుకుంటూ ఒక పక్కకు ఒదిగి పారుతుంది. అందువల్ల లోయ అంతా మెట్లు మెట్లుగా ఉంటుంది. కొంత దూరం చదునుగా సాగిన దారి మేట అంచుకు రాగానే ఒక్కసారిగా జారుతుంది, మళ్లీ చదును అవుతుంది. చివరి మెట్టు మెరానోకు కాస్త ముందు వస్తుంది. అక్కడ దారి మెలికలు తిరుగుతూ దిగుతుంది. రోజంతా తొక్కి చేతులు అలసిపోయిన వేళకు ఆ మలుపులు ఎదురవుతాయని గుర్తుంచుకోండి.

రెషెన్ సరస్సు సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి మొదలుపెడితే దూరం 80 కిలోమీటర్ల వరకూ అవుతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మొత్తం దిగుడులో మూడో వంతుకు పైగా తొలి పావు వంతు దూరంలోనే, అంటే మీ చేతులు బ్రేకులకు ఇంకా అలవాటు పడకముందే, వచ్చేస్తుంది. ఇరవై ఏళ్ల విరామం తర్వాత అది మంచి ఆరంభం కాదు. 1950లో ఆనకట్ట నీటిలో మునిగిపోయిన కురోన్ గ్రామానికి గుర్తుగా మిగిలిన 14వ శతాబ్దపు గంటస్తంభం ఆ సరస్సులోనే ఉంది. దాన్ని చూడకుండా వస్తే వెలితిగా అనిపిస్తుంది గనుక, ముందురోజు బస్సులో వెళ్లి తీరిగ్గా చూసి రండి.

పాతగొలుసు:

పై సమాధానంతో ఏకీభవిస్తూ సైకిలు విషయం చెబుతాను. యూరప్ నిబంధనల ప్రకారం మామూలు బ్యాటరీ సైకిలు మోటారు శక్తి 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటితే దాని సాయం ఆగిపోతుంది. పల్లంలో ఆ మోటారుకు పనే ఉండదు, పైగా దాని బరువును ఆపే భారం మీ బ్రేకుల మీద పడుతుంది. అయినా మీ ఇద్దరికీ దాన్నే సూచిస్తాను. ఎండ కాసే రోజుల్లో కొండవాలులు వేడెక్కి మధ్యాహ్నం నుంచి గాలి లోయలో కిందినుంచి పైకి వీస్తుంది. మీరు వెళ్లేది దానికి ఎదురుగా. చదునైన చోట ఎదురుగాలి వీస్తే పల్లపు దారి కూడా మెరక ఎక్కే దారిలా బరువెక్కుతుంది. మోటారు అక్కరకొచ్చేది అప్పుడే.

దిగేటప్పుడు బ్రేకును అదేపనిగా నొక్కి పట్టుకోకండి. రాపిడికి వేడెక్కి దాని పట్టు తగ్గుతుంది, మీ వేళ్లూ కొయ్యబారిపోతాయి. రెండు బ్రేకులనూ కలిపి గట్టిగా కాసేపు పట్టి వదులుతూ ఉండాలి. వేగాన్ని మలుపులోకి రాకముందే తగ్గించుకోవాలి. ఇక మీ కాళ్ల గురించి నాకు దిగులు లేదు. అలవాటు తప్పినవారిని సాయంత్రానికి వేధించేది కూర్చునే ఎముకల నొప్పే. యాత్రకు ముందు మూడు వారాల పాటు రోజు విడిచి రోజు అరగంట తొక్కితే చాలా తేడా కనిపిస్తుంది.

గట్టుదారి:

గైడు గురించి నా అభిప్రాయం కొంచెం వేరు. దారి తెలుసుకోవడానికి గైడు అక్కర్లేదు, ఎందుకంటే నదిని వదలకుండా దిగుతూ పోతే మెరానో చేరతారు. గైడు ఉపయోగపడేది ఎక్కడ ఆగాలో చెప్పడానికి. దారిలో వచ్చే గ్లొరెంజా ఊరి చుట్టూ నేటికీ చెక్కుచెదరని ప్రాకారం ఉంది. గైడు లేనివాళ్లు చాలామంది పక్కనుంచే జారిపోతారు. లాసా ఊరి తెల్లని చలువరాయి న్యూయార్క్ వరకూ వెళ్లింది. మీరు తొక్కే దారి చాలావరకు రోమన్ల కాలపు క్లౌడియా అగస్టా రహదారి జాడనే అనుసరిస్తుంది. ఇరువైపులా కొండలు వాన మబ్బుల్ని అడ్డుకోవడం వల్ల ఇది వానలు తక్కువగా పడే లోయ. అందుకని రైతులు శతాబ్దాల క్రితమే కొండవాలుల వెంట సన్నని కాలువలు తవ్వి హిమనదాల నీళ్లు పొలాలకు తెచ్చుకున్నారు. వాటిని అక్కడ వాలె అంటారు. పంటకాలువలు ఎరిగిన మనవాళ్లకు ఇది చూడదగ్గ విషయం.

మీరు వెళ్లే రోజుల్లో ఆపిల్ కోతలు జరుగుతుంటాయి. తోటల మధ్య దారిలోకి ట్రాక్టర్లు వస్తుంటాయి గనుక జాగ్రత్త అవసరం. పొద్దున్నే చలిగా ఉంటుంది. కిందికి దిగేకొద్దీ ఉష్ణోగ్రత పెరుగుతుంది కాబట్టి ఒక్కొక్కటిగా విప్పి సంచిలో పెట్టుకోగలిగిన బట్టలు వేసుకోండి. మరో సంగతి: మధ్యలో అలసిపోతే రైలు ఎక్కవచ్చు. 1990లో మూతపడిన మాల్లెస్–మెరానో రైలు మార్గాన్ని 2005లో తిరిగి తెరిచారు. అది లోయ వెంటనే నడుస్తుంది. అద్దె సైకిలును వేరే స్టేషనులో అప్పగించే వీలుందో లేదో నిర్వాహకులను ముందే అడగండి.

నిదానపు చక్రం:

ముగ్గురికీ ధన్యవాదాలు. మాల్లెస్ నుంచే బయలుదేరాలని, గంటస్తంభాన్ని ముందురోజే చూడాలని నిర్ణయించుకున్నాం. రైలు ఉందని తెలిశాక నా భార్యకు సగం భయం పోయింది. ఒక్క సందేహం మిగిలింది: సీటు ఎత్తు ఎంత ఉండాలి?

పాతగొలుసు:

పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది గనుక మోకాలు కొద్దిగా వంగుతుంది, అదే సరైన ఎత్తు. మలుపుల దగ్గర నేల అందడం లేదని భయం వేస్తే, ఆ చివరి దిగుడుకు ముందు ఆగి సీటును రెండు వేళ్లంత కిందికి దించుకోండి.