30,000 రూపాయలలో, తీగలు కనిపించకుండా హాలుకు 5.1 ధ్వని అమర్చుకోవచ్చా?

ఎం.ఆర్. పల్లి నివాసి

మిత్రులకు నమస్కారం. తిరుపతి ఎం.ఆర్. పల్లిలో రెండేళ్ల క్రితం కట్టుకున్న మా ఇంటి హాలు 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉంటుంది. పొడవాటి గోడకు 43 అంగుళాల టీవీ బిగించి, దాని ఎదుటి గోడకు ఆనించి సోఫా వేసుకున్నాము. నేలంతా గ్రానైటు, గోడలు బోసిగా ఉన్నాయి. సోఫాలో కూర్చుంటే కుడి చేతి వైపు కిటికీ ఉన్న గోడ ఉంది గాని, ఎడమ వైపు గోడే లేదు, హాలు అటు నేరుగా భోజనాల గదిలో కలుస్తుంది. సినిమా చూసేటప్పుడు సంగీతం హోరెత్తుతుంది, మాటలు మాత్రం తెలియవు. మాటల కోసం శబ్దం పెంచితే, పాట మొదలవగానే రిమోట్ కోసం వెతుక్కోవలసి వస్తున్నది.

నేను 30,000 రూపాయలకు మించి ఖర్చు పెట్టలేను. గోడల మీద తీగలు వేలాడరాదన్నది నా భార్య పెట్టిన షరతు. సోఫా వెనుక గోడకు అవతల పూజగది ఉన్నందున, ఆ గోడకు రంధ్రాలు వేయడానికి మా అమ్మగారు ఒప్పుకోరు. చుట్టూ అయిదు స్పీకర్లు, బరువైన శబ్దాలకు ఒక సబ్ వూఫర్ ఉండే 5.1 సరౌండ్ ధ్వని ఎడమ గోడ లేని ఇంటికి పనికిరాదని, టీవీ కింద పెట్టే పొడవాటి సౌండ్‌బార్ ఒక్కటే తీసుకోమని దుకాణంలో చెప్పారు. ఆ మాట ఎంతవరకు నిజమో తెలిసినవారు చెప్పగలరు.

చిత్తూరు శ్రోత

అయ్యా, ఏది కొన్నా అన్నీ ఒకే పెట్టెలో వచ్చే హోమ్ థియేటర్ సెట్టు జోలికి మాత్రం వెళ్లకండి. నేను అలాంటిది కొని మూడేళ్లు వాడాను. ఒకనాడు వర్షంలో కరెంటు పోయి వచ్చిన తరువాత దాని యాంప్లిఫైయర్ మళ్లీ పలకలేదు. స్పీకర్లు నిక్షేపంగా ఉన్నా, వాటి తీగల చివర ఉన్న ప్లగ్గులు ఆ కంపెనీ సొంత నమూనావి కావడంతో మరే యాంప్లిఫైయర్‌కూ పట్టలేదు. ఆ అయిదు స్పీకర్లూ నేటికీ మా అటక మీదే ఉన్నాయి. మామూలు తీగను గుచ్చి బిగించుకునే ఎరుపు, నలుపు టెర్మినళ్లు ఉన్నవే తీసుకోండి.

తిరుచానూరు టేపు

దుకాణం వారి మాటను నేను ఒప్పుకోను. 5.1 అమరికలో సరౌండ్ స్పీకర్లు, అంటే వెనుక రెండూ, పక్క గోడల మీదే ఉండాలన్న నియమం ఏదీ లేదు. చూసేవారి తలకు సూటిగా ముందున్న దిశను సున్నా అనుకుంటే, అవి అటూ ఇటూ 100 నుంచి 120 డిగ్రీల మధ్య, అంటే చెవికి కాస్త వెనుకగా ఉంటే సరిపోతుంది. మీ హాలు కొలతలను కాగితం మీద గీసి చూశాను. సోఫాను గోడ నుంచి అర అడుగు ముందుకు జరిపితే మీ తల గోడకు సుమారు అడుగున్నర దూరంలో ఉంటుంది. సోఫా మధ్య నుంచి చెరో వైపు 6 అడుగుల దూరంలో, వెనుక గోడ పక్కనే సరౌండ్ స్పీకర్లను ఉంచి, వాటి ముఖాలను లోపలికి తిప్పితే కోణం 104 డిగ్రీలు వస్తుంది. ఆ గోడ పొడవు 16 అడుగులు కనుక రెండు చివరలా ఇంకా చోటు మిగులుతుంది. ఎడమ వైపు గోడ లేకపోవడం ఈ అమరికకు అడ్డమే కాదు. అమ్మగారి మాట కూడా దక్కాలంటే మేకులు కొట్టకుండా, పూలకుండీ పెట్టుకునేటటువంటి సన్నని స్టాండ్లు రెండు తీసుకొని, కూర్చున్నప్పటి చెవి ఎత్తుకు జానెడు పైన స్పీకరు వచ్చేలా చూసుకోండి.

అయితే మీ అసలు బాధ వెనుక లేదు, ముందు ఉంది. 5.1 ధ్వనిలో మాటలు దాదాపు అన్నీ మధ్య ఛానల్‌లోనే, అంటే టీవీ కింద పెట్టే సెంటర్ స్పీకరుకు వెళ్లే ధ్వనిలోనే వస్తాయి. టీవీలోని రెండు చిన్న స్పీకర్లు ఆ మాటలను, సంగీతాన్ని, తుపాకుల మోతను ఒకే గొంతులోంచి పలికిస్తాయి కాబట్టి మాట మునిగిపోతుంది. అందుచేత డబ్బును ముందుగా సెంటర్ స్పీకరు మీద పెట్టండి. దానిని టీవీ కింద బల్ల లోపలికి నెట్టకుండా అంచు దాకా లాగి, కింద చిన్న రబ్బరు ముక్క పెట్టి ముఖాన్ని మీ చెవుల వైపు ఎత్తండి. వెనుక స్పీకర్లు అరచేయంత ఉన్నా చాలు, వాటికి ఉండే పని తక్కువ. సుమారు 80 హెర్ట్‌జ్ కంటే తక్కువ పౌనఃపున్యం ఉన్న బరువైన శబ్దం ఏ దిక్కు నుంచి వస్తున్నదో చెవి పోల్చుకోలేదు కనుక సబ్ వూఫర్‌ను సోఫా పక్కన దాచుకోవచ్చు. మూలలో పెడితే మాత్రం గుంయ్‌మని మోగుతుంది.

ధ్వనిని విడదీసి ఒక్కొక్క స్పీకరుకు పంపే యాంప్లిఫైయర్‌ను ఏవీ రిసీవర్ అంటారు. అది కొత్తది కొంటే మీ సొమ్ములో పెద్ద భాగం దానికే పోతుంది. చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లే వీలుంటే పాతది చూడండి. అందులోని టెస్ట్ టోన్‌ను, అంటే స్పీకర్లను పరీక్షించే శబ్దాన్ని, అయిదు ఛానళ్లలోనూ వినిపించమని, హెచ్‌డీఎంఐ పోర్టులు పని చేయించి చూపమని అడిగాకే డబ్బు ఇవ్వండి. దానిని తలుపులున్న అరలో బిగించవద్దు. మన ఊరి ఎండలు 40 డిగ్రీలు దాటినప్పుడు పైన కనీసం జానెడు ఖాళీ లేకపోతే అది వేడెక్కి తనంతట తానే ఆగిపోవచ్చు.

గ్రానైటు నేల గురించి ఒక మాట. సోఫాకు, టీవీకి మధ్య మందపాటి జంపఖానా పరిచి, కిటికీకి బరువైన తెర వేస్తే మాటల వెనుక వచ్చే ప్రతిధ్వని బాగా తగ్గుతుంది. గోడకు కాళహస్తి కలంకారీ వస్త్రం తగిలించమని కొందరు చెబుతారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది గాని, గోడకు అంటుకొని ఉన్న పలుచని గుడ్డ శబ్దాన్ని పీల్చుకోదు.

వైరింగ్ పనివాడు, శ్రీకాళహస్తి

తీగల సంగతి నేను చెబుతాను. పై లెక్క ప్రకారం టీవీ దగ్గర బయలుదేరి కుడి గోడ మీదుగా కుడి స్టాండు దాకా 22 అడుగులు, అక్కడి నుంచి సోఫా వెనుకగా ఎడమ స్టాండు దాకా మొత్తం 34 అడుగులు అవుతుంది. తీగ ఎక్కడా భోజనాల గది దారిని దాటదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, రెండు పోగులది, 20 మీటర్లు కొనండి. ఎడమ తీగ మొత్తం నిరోధం పావు ఓమ్ దగ్గర ఉంటుంది, 8 ఓమ్‌ల స్పీకరుకు అది లెక్కలోనిది కాదు. అల్యూమినియం మీద రాగి పూత పూసినది అంటగట్టబోతారు, చివర గీకి చూస్తే తెల్లగా కనబడుతుంది.

గోడ అడుగున ఉండే స్కర్టింగ్ పలక పై అంచు వెంబడి సన్నని కేసింగ్ కేపింగ్ (తీగను దాచే మూత ఉన్న ప్లాస్టిక్ పట్టీ) వేసి గోడ రంగే పూయించండి. పూజగది గోడ దగ్గర దానిని మేకులతో కాకుండా రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించవచ్చు. ఇంటి కరెంటు తీగలున్న పైపులో మాత్రం స్పీకరు తీగను ఎన్నడూ దూర్చకూడదు, అది ప్రాణాలతో చెలగాటం. వైర్‌లెస్ వెనుక స్పీకర్లలో చాలావాటికీ ప్లగ్ పాయింటు కావాలి కాబట్టి, తీగ బాధ తప్పిందనుకోవడం సగమే నిజం.

బిగించే ముందు, తీగను యాంప్లిఫైయర్‌కు కలపకుండానే, 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీని దాని చివరలకు ఒక్క క్షణం తాకించండి. పాజిటివ్ కొస ఎరుపు టెర్మినల్‌కు వెళ్లే పోగుకు తాకినప్పుడు స్పీకరు ముందున్న గరాటు లాంటి కోన్ బయటికి ఉబ్బాలి. లోపలికి పోయిందంటే పోగులు తారుమారయ్యాయని అర్థం.

ఎం.ఆర్. పల్లి నివాసి

అందరికీ కృతజ్ఞతలు. చెన్నైలో పాత రిసీవర్ దొరికింది. సెంటర్ స్పీకరు, వెనుక రెండు చిన్నవి, సబ్ వూఫర్ కొన్నాను, ముందు ఎడమ కుడులకు మా తమ్ముడి పాత స్టీరియో స్పీకర్లు వాడుతున్నాను. అన్నీ కలిపి 28,500 రూపాయలయింది. మాటలు స్పష్టంగా వినబడుతున్నాయి. కాని నిన్న సినిమా చూస్తుంటే వెనుక స్పీకర్లు ఒక్కసారీ పలకలేదు, సెట్టింగులలోని టెస్ట్ టోన్ మాత్రం వాటిలో చక్కగా వస్తున్నది.

తిరుచానూరు టేపు

టెస్ట్ టోన్ వస్తున్నదంటే తీగలు, స్పీకర్లు బాగున్నట్లే. టీవీ నుంచి ఏఆర్‌సీ, అంటే టీవీ ధ్వనిని రిసీవర్‌కు పంపే హెచ్‌డీఎంఐ తీగ ద్వారా వచ్చే ధ్వని పీసీఎం రూపంలో ఉంటే అందులో రెండు ఛానళ్లే ఉంటాయి. టీవీ సౌండ్ సెట్టింగులలో డిజిటల్ అవుట్‌పుట్ పీసీఎంలో ఉంటే ఆటో లేదా బిట్‌స్ట్రీమ్‌కు మార్చి, సినిమా భాష ఎంచుకునే చోట 5.1 అని రాసి ఉన్నదే ఎంచుకోండి. తరువాత టేపుతో తల నుంచి ఒక్కొక్క స్పీకరుకు దూరం కొలిచి రిసీవర్‌లో నమోదు చేయండి. శబ్దం మీటరు దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది, దగ్గరున్న వెనుక స్పీకర్లను ఆ మేరకు ఆలస్యంగా పలికించే పని రిసీవరే చూసుకుంటుంది.

ఎం.ఆర్. పల్లి నివాసి

మీరన్నట్లే పీసీఎంలో ఉంది. మార్చాను, వాన వెనుక నుంచి కురిసింది. అమ్మగారు లేచి కిటికీ మూశారు.