సెవ్ర్ పక్షి ప్లేటు: వెనక రెండు ఎల్‌లు, మధ్యలో ఏ. 1753దేనా?

కొమ్మమీదపిట్ట: ఫ్రాన్స్‌లో లియోన్ దగ్గర పాత సామాన్ల సంతలో బేరానికి వచ్చిన ప్లేటు. 24 సెం.మీ., ముదురు నీలం అంచు, బంగారు గీతలు, మధ్యలో కొమ్మ మీద పక్షి. వెనక పెనవేసిన రెండు ఎల్‌లు (ఫ్రాన్స్ రాజుల పింగాణీ కార్ఖానా సెవ్ర్ గుర్తు), మధ్యలో ఏ, పైన కిరీటం, కింద ఫ్రెంచిలో పక్షి పేరు. అంచు నుంచి 3 సెం.మీ. గోధుమరంగు బీట. ఇది 1753దేనా? బీటలో మురికి పోతుందా? గోడకి స్ప్రింగు తీగతో తగిలించొచ్చా?

అక్షరాలలెక్క: ఎల్‌ల మధ్య అక్షరం తయారైన ఏడాదికి గుర్తు: ఏ అంటే 1753, బి 1754, అలా జెడ్ 1777 (డబ్ల్యూ ఉండదు). 1778 నుంచి ఏఏ, బీబీ... పీపీ అంటే 1793. ఇందులో చర్చేముందండీ, తీసేసుకోండి.

మట్టిముఖ్యం: తీసుకోమనడం తేలికే, డబ్బు మీది కాదుగా. ఆ కిరీటం గట్టి పింగాణీకి వేసే గుర్తు. గట్టి పింగాణీకి కావాల్సిన కేయోలిన్ అనే తెల్ల మట్టి ఫ్రాన్స్‌లో లిమోజ్ దగ్గర సెంతిరియెలో బయటపడిందే 1768లో. ఇక పక్షి పేరు: ప్రకృతి శాస్త్రవేత్త బుఫోన్ రాసిన పక్షుల సంపుటాలు 1770లో మొదలయ్యాయి, వాటిలో బొమ్మలు చూసి వేసి వెనక పేరు రాసిన సెవ్ర్ ప్లేట్లు 1770ల చివర్లో వచ్చాయి. 1753లో అసలు కార్ఖానా సెవ్ర్‌లోనే లేదు, పారిస్ పక్కన వాన్‌సెన్‌లో ఉంది, 1756లో సెవ్ర్‌కి మారింది. ఏ, కిరీటం, పక్షి పేరు మూడూ ఒకే ప్లేటు మీద కలవ్వు. 19వ శతాబ్దం కాపీల మీద ఈ ఏ మహా మామూలు.

అక్షరాలలెక్క: వాన్‌సెన్‌లోనూ ఎల్‌లే వేశారు. నేను చెప్పింది అక్షరానికి ఏడాది, అది తప్పా? ముక్కలు చేతిలో పట్టుకుని చూసినవాళ్ళకి వేరే లెక్కలు అక్కర్లేదు.

మట్టిముఖ్యం: పట్టుకున్నారు సరే, తిప్పి చూశారా?

చాకుపరీక్ష: ఎందుకు కొట్టుకుంటారు? అడుగు కట్టు (ప్లేటు నిలబడే వెనక గుండ్రటి అంచు) దగ్గర చాకు మొనతో గీయండి. గీత పడితే మెత్త పింగాణీ (కేయోలిన్ లేకుండా చేసే పాత రకం), పడకపోతే గట్టిది. అయిపోయె.

బంగారుపూత: దేవుడా! అయిపోయేది ప్లేటు. సీసం కలిసిన మెత్త గ్లేజ్ (గాజులాంటి పైపూత) మీద గీత పడితే ఇక పోదు. గీయకుండానే చాలా తెలుస్తుంది. పెచ్చు లేచిన చోట భూతద్దం పెట్టండి: మెత్తది పంచదార పలుకుల్లా గరుగ్గా ఉంటుంది, గట్టిది గాజు విరిగినట్టు నున్నగా మెరుస్తుంది. రంగుల మీద గోరు నడిపితే మెత్తదానిలో రంగు గ్లేజ్‌లోకి ఇంకి నున్నగా తగులుతుంది, గట్టిదాని మీద రంగు పైనే లేచి తగులుతుంది. మెత్తదైతే అడుగు కట్టులో చిన్న రంధ్రం ఉందేమో చూడండి, కొలిమిలో వేలాడదీయడానికి పెట్టేవారు.

చాకుపరీక్ష: రంధ్రం లేకపోతే నకిలీయేనా?

బంగారుపూత: అలా అన్లేదు. గట్టి పింగాణీకి దానితో పనే లేదు. అసలు బంగారం చూడాలి ముందు. పాత పద్ధతిలో బంగారాన్ని తేనెతో నూరి, మందంగా పూసి, కాల్చాక గట్టి రాయితో రుద్ది మెరుగు పెడతారు. ఏటవాలు వెలుగులో ఆ రాయి తిరిగిన జాడలు కనపడతాయి. అద్దంలా ఒకే మెరుపు, పల్చగా, అంచుల్లో ఊదారంగు తిరుగుతూ ఉంటే అది ద్రవ బంగారం, 1830ల తర్వాతిది.

పచ్చాకు: కొమ్మ మీది ఆకుల రంగు ఎవరూ అడగలేదేం? క్రోమ్ పచ్చ రంగుకి కావాల్సిన క్రోమియం లోహం కనుక్కున్నదే 1797లో. ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ పరీక్షలో (రంగులో ఏ మూలకాలున్నాయో చెబుతుంది) పచ్చలో క్రోమియం దొరికితే ఆ రంగు 18వ శతాబ్దానిది కాదు. కంటితో చూసి క్రోమ్ పచ్చ అని తేల్చేసేవాళ్ళని నమ్మకండి.

మట్టిముఖ్యం: ఆ పరీక్ష రంగుకే, ప్లేటుకి కాదు. 1800లో బ్రోన్యార్ సెవ్ర్ కార్ఖానాకి డైరెక్టరయ్యాక రంగులెయ్యని పాత తెల్ల సరుకు అమ్మేశారు. పారిస్‌లో, లండన్‌లో దాని మీద బొమ్మలేశారు. మట్టి అసలు, బొమ్మ కొసరు. పాత మెత్త గ్లేజ్‌ని మళ్ళీ కాలిస్తే నల్ల చుక్కలు లేస్తాయి, అదే ఆనవాలు.

అక్షరాలలెక్క: చూశారా, అసలు అన్నారు చివరికి!

మట్టిముఖ్యం: అది మెత్త పింగాణీ సంగతి. ఈ ప్లేటు నెత్తిన కిరీటం ఉంది బాబూ.

చార్మినార్‌చాయ్: మన సాలార్‌జంగ్ మ్యూజియంలో సెవ్ర్ ఉందిగా, పోల్చుకుంటే సరి. 1788లో టిప్పు రాయబారులకి 16వ లూయీ ఇచ్చింది కూడా సెవ్రే.

పచ్చాకు: అద్దాల బీరువాలో వెనక వైపు ఎలా కనపడుద్దన్నా? ఇక్కడ తగువంతా వెనకదే.

చార్మినార్‌చాయ్: సరే. అందులో భోంచేయొచ్చా?

అతుకులబొంత: వద్దు. పైరంగుల్లో సీసం ఉంటుంది, ఆవకాయ, నిమ్మకాయ పులుపు దాన్ని లాగుతుంది.

బీట సంగతి చెప్తా. గట్టి పింగాణీ అయితేనే ఇది చేయండి. ముందు బీట మీద సన్నటి స్టీలు సూది నడపండి. గ్లేజ్ మీద జారుతుంది, ఎక్కడైనా పట్టేస్తే అక్కడ పాత రిపేరు రంగు ఉన్నట్టు, అక్కడితో ఆపేయండి. లేకపోతే డిస్టిల్డ్ నీళ్ళలో ఒక పూట నానబెట్టండి. పొడి బీటకి మందు పెడితే మురికి ఇంకా లోపలికి పోతుంది. తర్వాత 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో రెండు చుక్కల అమ్మోనియా వేసి, దూది పేలికలు తడిపి బీట మీద మాత్రమే, రెండు వైపులా పరచండి. బంగారానికి తగలనీయకండి. పైన ప్లాస్టిక్ పొర కప్పండి. దూది పసుపెక్కితే మార్చండి, ఎండనివ్వకండి. చివర్లో మళ్ళీ డిస్టిల్డ్ నీళ్ళు. బట్టల బ్లీచ్ జోలికి వెళ్ళొద్దు, దాని ఉప్పు లోపల గడ్డకట్టి గ్లేజ్‌ని పెచ్చులుగా లేపుతుంది.

చాకుపరీక్ష: తర్వాత కొంచెం అరల్డైట్ పూసేస్తే?

అతుకులబొంత: మామూలు అరల్డైట్ పచ్చబడుతుంది, బీట ఇంకా ఎత్తి చూపుతుంది. విడిపోయిన ముక్కలైతే పొడిగానే టేపుతో బిగించి, హెచ్‌ఎక్స్‌టాల్ లాంటి పల్చటి ఎపాక్సీ జిగురుని చుక్క చుక్కగా అతుకులోకి పీల్చనివ్వాలి. ఆరడానికి వారం. ఇక్కడ ముక్క ఊడలేదు కాబట్టి ఏమీ పూయక్కర్లేదు.

బంగారుపూత: బీటున్న ప్లేటుకి స్ప్రింగు తీగ వద్దేవద్దు. అది అంచుని నాలుగు వైపుల నుంచీ లోపలికి లాగుతూనే ఉంటుంది, 3 సెం.మీ. బీట సాగుతుంది. కొక్కేలు బంగారాన్ని కూడా గీకేస్తాయి. తడిపి వెనక అంటించే బిళ్ళలు దొరుకుతాయి. బిళ్ళని ఎల్‌ల గుర్తు మీద కాకుండా, రంగు లేని చోట అంటించి, రాత్రంతా ఆరనిచ్చి తగిలించండి. తీయాలంటే నీళ్ళలో నానబెడితే ఊడొస్తుంది.

మట్టిముఖ్యం: గోడకెందుకు, కొనకుండా వదిలేస్తే పోలా?

కొమ్మమీదపిట్ట: పక్షి బాగుందండీ. కాపీ ధరకిస్తే తీసుకుంటా.